ఐదో ఏసీ పెట్టాలా? జమీందారీ దివాణంలో పటాలకు బూజు పట్టిన కేసు

కోస్తాలో సముద్రానికి మరీ దూరం కాని ఒక పల్లెలోని పాత దివాణం కేసు ఇది. ఊరు, వంశం, ట్రస్టు పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు ఒకటి రెండు మార్చాం. కొలతలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో పాఠమంతా కొలతల్లోనే ఉంది.

ఇల్లు, సేకరణ

19వ శతాబ్దం చివర్లో కట్టిన ఇల్లు. రెండడుగుల మందం ఇటుక గోడలు, డంగు సున్నపు పూత, రంగూన్ టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ (ఇటుక, సున్నంతో వేసే) కప్పు, మూడు వైపులా పదడుగుల వరండా, రెక్కల కిటికీలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో భూములు పోయాయి. ఇల్లూ, ఇంట్లో సామానూ మిగిలాయి. వారసులు ట్రస్టు పెట్టి, దర్బారు హాలునూ పక్కనున్న రెండు గదుల్నీ టికెట్ మీద చూపిస్తున్నారు.

హాలు 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు. అంటే దాదాపు 435 ఘనపు మీటర్ల గాలి. గోడల మీద 31 పటాలు: 9 తైలవర్ణ చిత్రాలు, 14 ఓలియోగ్రాఫులు (తైలవర్ణాల్లా కనిపించేలా కాగితం మీద అచ్చువేసిన రంగు బొమ్మలు), 8 పాత ఫొటోలు. ఓలియోగ్రాఫుల్లో ఎక్కువ భాగం రవివర్మ ప్రెస్‌వి. ఆ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలై, తర్వాత లోనావాలా దగ్గరి మళవలికి మారింది. ఐదింటికి ఇంటి ఆడవాళ్లు చీరల మీద జరీ, చమ్కీలు కుట్టారు. కాగితం, వార్నిష్, గుడ్డ, లోహం అన్నీ ఒకే పటంలో ఉంటాయి కాబట్టి తేమ విషయంలో అన్నిటికంటే మొండివి ఇవే.

సాలార్‌జంగ్ సేకరణ కూడా 1951లో మొదట దివాన్ దేవిడిలోనే, అంటే ఇంట్లోనే, జనానికి తెరుచుకుంది. 1968లో కొత్త భవనానికి వెళ్లింది. ఇక్కడ ఆ దారి లేదు. జనం చూడ్డానికి వచ్చేది పటాలున్న హాలుని. కిటికీలకు అద్దాలు బిగించి, ఫాల్స్ సీలింగ్ వేసి హాలుని సీసాలా మూసేస్తే పటాలు బాగుండొచ్చు, చూపించడానికి ఇల్లు మిగలదు. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ హద్దులోనే తీసుకున్నాం.

వచ్చిన సమస్య

తెరిచిన రెండో ఏడు సందర్శకుల సౌకర్యం కోసం హాల్లో రెండు టన్నుల ఏసీలు నాలుగు పెట్టారు. ఆ వానాకాలమే పటాలకు బూజు పట్టింది. మూలల్లో వేలాడే సాలీడు బూజు కాదు, ఊరగాయకు పట్టే బూజు. 31లో 19 పటాలకు పట్టింది: తైలవర్ణాలు 4, ఓలియోగ్రాఫులు 11, ఫొటోలు 4. తైలవర్ణాలకు ముందు వైపు కన్నా వెనక గుడ్డకే ఎక్కువ. రెండు ఫొటోలు, మూడు ఓలియోగ్రాఫులు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయాయి. గోడల మీద నాలుగైదు అడుగుల ఎత్తున, సరిగ్గా పటాల కింది అంచుల దగ్గర, పెయింటు పొక్కులు లేచి ఉప్పు రాలుతోంది.

పటాల సంగతి చూడమని పిలిచి ట్రస్టు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: చల్లదనం చాలడం లేదు కదా, ఐదో ఏసీ పెట్టాలా?

అప్పటికే చేసి చూసినవి

మొదట స్పిరిట్‌లో ముంచిన దూదితో బూజు తుడిచారు. తడి బూజుని తుడిస్తే పోదు, నలుగుతుంది. పోగులు వార్నిష్ పగుళ్లలోకి దిగి బూడిదరంగు మరకలయ్యాయి. రెండు తైలవర్ణాల్లో స్పిరిట్‌కి వార్నిష్ కూడా కరిగి మసకబారింది.

తర్వాత బూజుని చంపే థైమాల్ అనే మందు పొగ పెట్టిద్దామనుకున్నారు, అదృష్టవశాత్తూ పని మొదలు కాలేదు. థైమాల్ ఆవిరికి తైలవర్ణం, వార్నిష్ మెత్తబడతాయి. పైగా పొగ అప్పుడున్న బూజునే చంపుతుంది. తేమ అలాగే ఉంటే నెల తిరక్కుండా మళ్లీ మొలుస్తుంది.

ఫ్రేముల వెనక తేమ పీల్చే గుళికలు, సిలికా జెల్, 50 గ్రాముల సంచుల్లో కట్టారు. ఒక్కో సంచి పట్టుకోగల నీరు 15 గ్రాముల చిల్లర. వానాకాలంలో ఆ హాలు గాలిలో ఉన్న నీరు పది కిలోలు దాటుతుంది, ఆ గాలి రోజంతా మారుతూనే ఉంటుంది. సంచులు మూడో రోజుకే నిండిపోయాయి. నిండాక అవే పటం వెనక గాలి ఆడకుండా అడ్డం పడ్డాయి.

డీహ్యూమిడిఫైయర్ల మీద, అంటే గాలిలోంచి నీరు లాగే యంత్రాల మీద, మాకూ కొంత ఆశ ఉండేది. రోజుకు 20 లీటర్లు లాగుతాయని రాసి ఉన్నవి రెండు ఉన్నాయి. లెక్క వేస్తే ఆశ పోయింది. బయటి గాలిలో ఘనపు మీటరుకి 24 గ్రాములకు పైగా నీరుంది. హాలుని 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమలో ఉంచాలంటే 16 గ్రాములకు దించాలి. రెక్కల కిటికీల ఇంట్లో గాలి గంటకు ఒక్కసారే మారుతుందనుకున్నా (నిజానికి ఇంకా ఎక్కువ) గంటకు మూడున్నర లీటర్లు, రోజుకు 80 లీటర్ల పైన లాగాలి. ఉన్నవి లాగేది 40. ఇంకో తిరకాసు ఏమిటంటే, తొట్టె నిండితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. సాయంత్రం పారబోసి వెళ్తే అర్ధరాత్రికి మళ్లీ నిండుతుంది. తెల్లవార్లూ ఆగే ఉంటుంది, అసలు అవసరమైన వేళలోనే.

ఎక్కడ కొలిచాం, ఎందుకు

హాలు మధ్యలో గోడకు గడియారంలా వేలాడే తేమమీటరు ఒకటి ఉండేది. పగలు 68 నుంచి 72 చూపించేది. దాన్ని చూసే సిబ్బంది ధీమాగా ఉన్నారు. కానీ బూజు పుట్టేది హాలు మధ్యలో కాదు, పటం వెనక. అందుకే ఉష్ణోగ్రత, తేమ దానంతటదే నమోదు చేసే డేటా లాగర్లు నాలుగు పెట్టాం: ఒకటి హాలు మధ్య, రెండు వేర్వేరు గోడల మీద పటాల వెనక, ఒకటి వరండాలో ఎండా వానా తగలని చోట. పదిహేను నిమిషాలకో రీడింగ్. గోడ ఉష్ణోగ్రతకి చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడాం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఏమీ మార్చకుండా కొలిచాం. కార్తీక మాసం ఆదివారాలు ఆ లెక్కలో ఉండి తీరాలి. వనభోజనాలకు వచ్చే జనం, తుపాను గాలి ఒకేసారి పడేది అప్పుడే.

వారం తిరక్కుండానే రోజువారీ గీతలో ఒకటే ఆకారం కనిపించింది. పగలు పది నుంచి ఐదు దాకా ఏసీలు నడుస్తాయి. గాలి 24 డిగ్రీలు, తేమ 70 శాతం. ఐదింటికి ఏసీలు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచి, తడిగుడ్డతో నేల తుడుస్తారు. ఐదూ ముప్పావుకల్లా పటాల వెనక తేమ 96 దాటుతుంది. తెల్లారేదాకా 85కి దిగదు.

కారణం కష్టమైనదేమీ కాదు. ఆ వేళ బయటి గాలి 29 డిగ్రీలు, తేమ 85 శాతం. ఆ గాలి 26 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న ఏ వస్తువుని తాకినా నీరు విడుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టు. ఏడు గంటలు చల్లబడ్డ రెండడుగుల గోడ 24 డిగ్రీల దగ్గరుంది, అది వేడెక్కడానికి రాత్రంతా పడుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలే పడమటి గోడ మీద ఓలియోగ్రాఫుల అద్దాలు ఇంకా చల్లగా, 20 డిగ్రీల దగ్గర ఉండేవి. పదకొండు ఓలియోగ్రాఫుల్లో ఎనిమిది ఆ గోడవే.

పగలైనా 70 శాతం ఎందుకు? ఎనిమిది టన్నులు ఆ హాలుకి ఎక్కువ. గాలి త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగుతుంది, లోపలి ఫ్యాన్ మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని తిరిగి గాలిలోకే ఊదుతుంది. చల్లదనం వస్తుంది, పొడిదనం రాదు. ఐదో ఏసీ ఈ జబ్బుని ముదరబెడుతుంది. ట్రస్టుకి మొదటి నివేదికలో రాసిన మాట ఇదే: సగం రోజు నడిచే ఏసీ కన్నా అసలు ఏసీ లేకపోవడం పటాలకు మంచిది. ఇరవైనాలుగు గంటలూ నడపొచ్చు కదా అన్నారు. కరెంటు నమ్మకంగా ఉండే ఊరు కాదది. నాలుగు గంటలు కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే సాయంత్రం మళ్లీ వస్తుంది.

గోడ సంగతి

గోడ నెమ్ము వేరే కథ, కానీ దీనితో కలిసింది. ఇంటిని తెరిచేముందు కింది నాలుగడుగులు సున్నపు పూత చెక్కి సిమెంటు పూసి, మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేశారు. పునాది నుంచి ఎక్కే నీరు అంతకుముందు గోడ అడుగునే సున్నంలోంచి ఆవిరైపోయేది. సిమెంటు ఆ దారి మూసింది. నీరు సిమెంటు వెనక పైకి పాకి, అది ఆగిన చోట, అంటే పటాల కింది అంచు దగ్గర, బయటపడింది.

అసలు అంత నీరు ఎక్కడిది? అందం కోసమని పునాదిని ఆనించి పూలమడులు వేసి, రెండు పూటలా స్ప్రింక్లరు పెడుతున్నారు. కప్పు నీటి గొట్టాలు రెండు విరిగి గోడ మొదట్లోనే పోస్తున్నాయి. నెమ్ము పనికి పిలిచిన ఎవరైనా ముందు ఇంటి చుట్టూ ఒకసారి వానలో తిరగాలి. మీటర్ల కన్నా ముందు గొడుగు కావాలి.

ఏం చేశాం, ఏ వరుసలో

వరుస ముఖ్యం. బూజు తుడవడంతో మొదలుపెట్టలేదు. కారణం ఉండగా తుడిస్తే ఏటా తుడవాలి, తుడిచిన ప్రతిసారీ పటం కొంత అరుగుతుంది. ముందు బూజు పట్టిన పటాలు దించి, పొడిగా, గాలి ఆడే లోపలి గదిలో బల్లల మీద పరిచి ఆరనిచ్చాం. ఆరాక బూజు పొడిలా అవుతుంది.

సంక్రాంతి దాటాక గాలి పొడిబారింది, అప్పుడు పని మొదలైంది. పూలమడులు పది అడుగులు అవతలికి జరిపి, గొట్టాలు కొత్తవి వేసి, నీరు దూరంగా పోయేలా కాలువ తీశాం. సిమెంటునీ, దాని పైన నెమ్ము గీత కన్నా ఒక అడుగు పైదాకా ఉన్న పూతనీ చెక్కించాం. మిషన్ వద్దని, ఉలి సుత్తితోనే చేయించాం. పాత ఇటుక మెత్తన, అదురుకి పైనున్న మంచి సున్నం కూడా ఊడుతుంది. గోడని ఎనిమిది వారాలు అలాగే వదిలేసి, తేలిన ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి గుడ్డ మీద పట్టి బయట పారేయించాం. కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. రెండడుగుల గోడ పూర్తిగా ఆరడానికి ఏళ్లు పడుతుంది. మేం చూసింది ఆరిందా అని కాదు, ఉప్పు తేలడం తగ్గిందా అని. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో పూత, ఒక్కో పొర 12 మిల్లీమీటర్లు దాటకుండా. కరక్కాయ నీళ్లు కలిపారు. బెల్లం వద్దన్నాం. తాపీ మేస్త్రికి అది నచ్చలేదు, కానీ బూజు కేసులో లోపలి గోడకు తీపి పెట్టడానికి మాకు మనసొప్పలేదు. పైన ఎమల్షన్ బదులు వెల్ల.

ఏసీలని ఒక్కరోజులో ఆపలేదు. 24, 26, 28 అంటూ మూడు వారాల్లో పెంచి ఆపాం. తీసిన రెండు ఏసీలు టికెట్లిచ్చే కొత్త గదిలో బిగించాం. ఉక్కపోస్తోందన్న ఫిర్యాదులకు అది జవాబు: కూర్చుని చల్లబడే చోటు ఒకటి ఉంటే, హాల్లో పావుగంట ఫ్యాన్ల కింద తిరగడానికి జనం ఒప్పుకుంటారు.

పటాలు మళ్లీ వేలాడదీయడానికి పాత ఆల్బమ్‌లోని ఒక ఫొటో దారి చూపింది. అందులో పటాలన్నీ పై అంచు ముందుకు వాలి, తాళ్లతో వేలాడుతున్నాయి. బాగుచేసినప్పుడు వాటిని గోడకి ఆనించి స్క్రూలు బిగించారు, నిటారుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని. వాల్చడం అలంకారం కాదు, వెనక గాలి పారడానికి. మేం కింది అంచు వెనక 25 మిల్లీమీటర్ల బెండు ముక్కలు అతికించి, పైన ఇత్తడి తీగతో వాల్చి కట్టాం. వెనక్కి దుమ్ము, బల్లులు వెళ్లకుండా తైలవర్ణాలకు ప్లాస్టిక్ కారుగేటెడ్ షీటు బిగించాం. ఓలియోగ్రాఫులకు అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉండేలా మౌంటు బోర్డు వేసి, వాటిని హాల్లోంచి ఎండ పడని లోపలి గదికి మార్చాం. అక్కడ వెలుతురు 50 లక్స్ దాటనివ్వం. తైలవర్ణాలకు 200 దాకా ఫరవాలేదు.

వానాకాలంలో గుడ్డ వదులైందని వడ్రంగి ఫ్రేము మూలల చెక్క చీలలు కొట్టి బిగించడం ఈ ఇంట్లో అలవాటు. దాన్ని మాన్పించాం. వానలో బిగించిన గుడ్డ పొడి నెలల్లో మరీ బిగుసుకుని రంగు పగులుతుంది.

బూజు శుభ్రం చేయడం ఆఖరికి వచ్చింది. ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు, మెత్తటి బ్రష్, సన్నటి పొడిని కూడా పట్టి ఉంచే హెపా ఫిల్టరున్న వాక్యూమ్. బ్రష్‌తో రేపిన పొడిని గొట్టం అక్కడికక్కడే లాగేయాలి. వరండాలో, గాలివాలుకి పక్కగా నిలబడి చేయాలి.

హీటర్లు

ట్రస్టుని ఒప్పించడానికి ఎక్కువ సమయం పట్టింది దీనికే. ఆంధ్రా కోస్తాలో ఎవరైనా గదికి హీటరు పెడతారా?

గాలిలో నీరు అంతే ఉండగా గదిని రెండు డిగ్రీలు వెచ్చబెడితే తేమ శాతం పడిపోతుంది. 29 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న గాలి 31 డిగ్రీలకు 71 అవుతుంది. కెమెరా లెన్సులు పాడవకుండా బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచడం ఫొటో స్టూడియోల వాళ్లకు తెలిసిందే. ఇంగ్లండ్‌లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ తన ఇళ్లలో చలికాలం హీటర్లు నడిపేదీ ఈ లెక్కనే. మనుషుల కోసం కాదు, తేమమీటరు చెప్పినప్పుడు. అక్కడి చలికీ ఇక్కడి ఉక్కకీ పోలిక లేకపోయినా సూత్రం అదే.

బయటికి తీగ కనిపించని, నూనె నింపిన 1,000 వాట్ల హీటర్లు రెండు, తేమని బట్టి స్విచ్ వేసే ఒక హ్యూమిడిస్టాట్‌కి కలిపాం. తేమ 75 దాటితే వెలుగుతాయి, గది 33 డిగ్రీలకు చేరితే ఆరతాయి. సందర్శకులు వెళ్లాక మాత్రమే, తలుపులు మూసి. విడి ఎంసీబీ, పరదాలకు నాలుగడుగుల దూరం, రాత్రి కాపలా మనిషి రిజిస్టరులో రెండుసార్లు సంతకం. టేకు కప్పున్న ఇంట్లో ఈ జాగ్రత్తల్లో ఒక్కటి తప్పినా హీటరు వద్దనే చెబుతాం. 2 కిలోవాట్లు ఆ ఏసీల ముందు కరెంటు బిల్లులో లెక్కలోకి రాలేదు.

60 శాతానికి ఎందుకు దించలేదని ట్రస్టు సలహాదారు ఒకరు అడిగారు. పెద్ద మ్యూజియంల డైరెక్టర్ల బృందం పెట్టుకున్న బైజో మార్గదర్శకాల్లోని 40 నుంచి 60 శాతం అంకె ఆయన చేతిలో ఉంది. 2014లో ఐకామ్-సీసీ, ఐఐసీ అనే రెండు అంతర్జాతీయ కళావస్తు సంరక్షణ సంస్థలు కలిసి చేసిన ప్రకటనే ప్రమాణాలు స్థానిక వాతావరణంలో సాధ్యమయ్యేవిగా ఉండాలంటుంది. ఈ పటాలు నూరేళ్లుగా 75కి అలవాటుపడినవి. మా గురి అంకె కాదు: పటం వెనక 80 దాటకూడదు, ఒక్క రాత్రిలో పది శాతానికి మించి మారకూడదు.

మనుషులు

ఒక మనిషి నెమ్మదిగా నడుస్తూ గంటకు కనీసం 50 గ్రాముల నీరు గాలిలోకి వదులుతాడు. నలభై మంది స్కూలు పిల్లలు అరగంట ఉంటే లీటరు. మూసిన హాల్లో అది ఘనపు మీటరుకి రెండు గ్రాములకు పైన. అందుకే జట్టుకి ఇరవై మంది, పావుగంట. గొడుగులు, తడి రెయిన్‌కోట్లు వరండా బయటే. తడిగుడ్డ బదులు పొడి మాపు. తడిగుడ్డ వారానికోసారి, అదీ పొద్దున.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది సిబ్బంది ఇష్టానికి వదల్లేదు. ఉష్ణోగ్రత, తేమ శాతం చూస్తే గాలిలో ఎన్ని గ్రాముల నీరుందో చెప్పే పట్టిక ఒకటి తలుపు పక్కన అంటించాం. బయట కనీసం ఒక గ్రాము తక్కువుంటేనే తెరవాలి. ఆచరణలో అది పొద్దున తొమ్మిది నుంచి సముద్రపు గాలి తిరిగేదాకా. రెండు వారాల్లో గేటు దగ్గర టికెట్లు చింపే అబ్బాయి పట్టిక చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు, ఎక్కువసార్లు సరిగ్గానే.

తర్వాతి వానాకాలం

పటాల వెనక తేమ చాలా రోజులు 68, 78 మధ్య నిలిచింది. 31లో మూడింటికి బూజు వచ్చింది, మూడూ పడమటి మూల గోడవే. ఆ గోడ అవతల తర్వాతి కాలంలో కట్టిన స్నానాల గది ఉంది, దాని గొట్టం లోపలే కారుతోంది. అది మేం మొదటే చూడాల్సింది. ఆ మూల ఇప్పుడు ఖాళీ.

అద్దానికి అతుక్కున్న ఫొటోల్ని విడదీయలేదు. తేమకు ఉబ్బిన జిలటిన్ పొర అద్దానికి అంటుకుని ఆరింది, లాగితే బొమ్మ అద్దంతో వస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేసి, అలాగే పెట్టెలో పడుకోబెట్టాం. ఓలియోగ్రాఫులు మూడింటిలో ఒకటి ఆరాక దానంతటదే వదిలింది. మిగతా రెండూ పెట్టెలోనే ఉన్నాయి.

తుపానుకి మాత్రం ఈ ఏర్పాటు నిలవదు. నవంబరులో నాలుగు రోజులు కరెంటు లేక ఫ్యాన్లూ హీటర్లూ ఆగాయి, తేమ 88కి చేరింది, జరీ కుట్టిన ఓలియోగ్రాఫుల్లో రెండింటికి చుక్కలు కనిపించాయి. ఇప్పుడు హెచ్చరిక వచ్చిన రోజే ఆ ఐదింటినీ దించి, గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెల్లో, ముందే ఎండబెట్టిన సిలికా జెల్ పెట్టెకి రెండు కిలోల చొప్పున వేసి మూస్తున్నారు. మూసిన పెట్టెలో సిలికా జెల్ పనిచేస్తుంది. పెట్టెల మీద దించే వరుస, ఎత్తడానికి ఎంతమంది కావాలో సుద్దతో కాక పెయింటుతో రాయించాం.